ఐదు సెక్షన్ల మొక్కు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని అవ్వ నాగులమ్మ. ఆమె ఎదురుగానే కూర్చుని ఆమె కంట పడకుండా ఉండే విద్యలో ఆరితేరిన పెద్దకొడుకు శాంతయ్య, అంటే కోమలి నాయన. వంటింట్లో అమ్మ వరదమ్మ. మంచం మీద చెన్నై నుంచి వచ్చిన చిన్నాయన మునిచంద్ర, ఆయన పక్కన చిన్నమ్మ. వాళ్ళ పిల్లలు ఢిల్లీబాబు, చిట్టి ఇంట్లో ఉన్నారనడం కంటే టెంటులో ఉన్నారనడం సరైన మాట. ఎందుకంటే నడింట్లో నారింజ రంగు టెంటు ఒకటి వారం రోజులుగా నిలబడి ఉంది. టెంటు వేయడం ఎలాగో చిన్నాయన వీడియో చూసి నేర్చుకున్నాడు. మడవడం ఎలాగో చెప్పే వీడియో ఆయనకింకా దొరకలేదు.

ఎనిమిదో మనిషి కోమలి. ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోరు కాబట్టి చివర చెప్పుకోవడమే పద్ధతి. టెంటుకూ గోడకూ మధ్య సందులో, తన రేకు పెట్టె మీద తనే కూర్చుని ఉంది.

ఆ పెట్టెలో కొత్త దుప్పటి, పళ్ళెం, గ్లాసు, పదో తరగతి మార్కుల పత్రం, నోటుబుక్కులో రాసుకునే డైరీ ఉన్నాయి. రేపు సోమవారం సాయంత్రం ఐదింటిలోగా తిరుపతిలో ఆడపిల్లల జూనియర్ కాలేజీ హాస్టల్లో ఆమె చేరాలి. చేరకపోతే ఆ సీటు జాబితాలో తర్వాతి పిల్లకు పోతుంది. తిరుపతి బస్సు ఇంటి ముందు రోడ్డు మీదే గంటకొకటి పోతుంది. అయినా పెట్టె కదలడానికి లేదు. మొక్కు తీరందే విరిగి అతికిన కాలు హాస్టల్ గడప తొక్కకూడదని అవ్వ తీర్పు. మొక్కేమో వడమాలపేట దాటాక ఒక వేపచెట్టు కింద చిక్కుకుపోయింది.

ఈ మొక్కు పుట్టింది కోమలి సిగ్గు వల్ల. కిందటి అక్టోబరులో ఒక సాయంత్రం స్కూల్లో స్పెషల్ క్లాసు అయ్యేసరికి వాచ్‌మన్ గేటుకు తాళం వేసి, గేటు అవతలే నిలబడి టీ తాగుతున్నాడు. “అన్నా, గేటు తియ్” అని మూడు మాటలు అంటే సరిపోయేది. మూడు మాటలు కోమలికి మరీ ఎక్కువ. గోడ దూకింది. మోకాలి కింద ఎముక విరిగింది. విరిగిన కాలితో పడి ఉండి కూడా అరవడానికి సిగ్గుపడితే, టీ గ్లాసు కడగడానికి వచ్చిన మనిషి చూసి అరిచాడు.

పుత్తూరులో కట్టు కట్టించారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. కట్టు కట్టే పెద్దాయన కాలు లాగినప్పుడు కోమలి అరవలేదు. ఆమె బదులు అవ్వ అరిచింది. అక్కడున్న చేతులు విరిగినవాళ్ళు, కాళ్ళు విరిగినవాళ్ళు అందరూ వినేటట్టు, “సామీ, నా మనమరాలి కాలు అతికితే ఇంటిల్లిపాదీ ఈ వాకిట్లో నుంచే నీ కొండకు నడిసొస్తాం” అని మొక్కింది. ఆ తర్వాత నలభై రోజులు కోమలిని పెరట్లోకి తీసుకుపోయిందీ తీసుకొచ్చిందీ అవ్వే. కాలు అతికింది. అవ్వ నడుము మాత్రం అప్పటి నుంచి కొంచెం ముందుకు వంగే ఉంది.

పుత్తూరు నుంచి అలిపిరి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, ఆ పైన మెట్లు. పసుపు బట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా తమిళనాడు నుంచి నడిచి వచ్చే భక్తులకు ఇది లెక్కలోకి రాని దూరం. వాళ్ళ దగ్గర వీడియోలు లేవు. చిన్నాయన దగ్గర ఉన్నాయి.

“అమ్మా, ఫారిన్లో నెలల తరబడి నడిసే దోవలుంటాయి. వాళ్ళంతా ఒకేసారి నడుస్తారనుకుంటాండావా? లీవు దొరికినప్పుడంతా కొంచెం కొంచెం నడుస్తారు. పిల్లల్ని కూడా తీసకపోయి టెంటేసుకోని పండుకుంటారు. దీన్ని సెక్షన్ హైకింగ్ అంటారు” అన్నాడు.

“మా కాలంలో సోమరితనం అనేటోళ్ళు” అంది అవ్వ.

అయినా ఒప్పుకుంది. ఐదు సెక్షన్లు. శనివారం సాయంత్రం బస్సులో పోయి, కిందటిసారి ఆగిన చోట టెంటు వేసుకుని పడుకోవాలి. ఆదివారం చీకటితోనే లేచి ఎండ ముదిరేదాకా నడవాలి. మళ్ళీ బస్సెక్కి ఇంటికి రావాలి. ఇదంతా మే నెలలో. ఆ నెలలో మా వైపు కుక్కలు కూడా నీడ దాటి సెక్షన్లు పెట్టుకోవు.

అవ్వకు ఒకే ఒక్క అనుమానం. “మనం బస్సెక్కి ఇంటికొచ్చేస్తే మొక్కు కూడా మన యెనకాలే బస్సెక్కి వచ్చేస్తాది. అది ఆగిన సోట నిలబడుకోవాల గదా?”

“నా ఫోన్లో మ్యాపు మీద పిన్ను పెడతానమ్మా.”

“నీ ఫోన్లో సార్జీ అయిపోతే సామి యాడ నిలబడుకోవాల?”

కాబట్టి అవ్వ పాత రోట్లోని పచ్చడి నూరే గుండ్రాయిని బయటికి తీసింది. ముప్పై ఏళ్ళు ఎండుమిరపకాయలు నూరి నూరి నల్లగా, నున్నగా, కోడిగుడ్డు ఆకారంలో తేలిన రాయి. కోమలి ఐదేళ్ళప్పుడు గడప మీద పడేస్తే ఒక పక్క పెచ్చు లేచి, నిలువుగా గాడి పడింది. నడక ఆగిన చోట ఆ రాయికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, “మేము వచ్చేదాకా మా మొక్కు సూసుకో” అని చెప్పి చెట్టు మొదట్లో నిలబెట్టి రావాలి. మళ్ళీ వచ్చినప్పుడు ఎత్తుకుని నడవాలి. చివరికి అలిపిరిలో తొలి మెట్టు దగ్గర పెట్టి దండం పెట్టాలి. బ్యాటరీ అక్కర్లేని ఏర్పాటు.

మొదటి సెక్షన్ బాగానే జరిగింది. చిట్టి రెండో కిలోమీటరు నుంచి వాళ్ళ నాయన భుజం మీద నడిచింది. రెండో సెక్షన్‌కు ముందు రాత్రి ఒక మామిడితోట పక్కన టెంటు వేశారు. అరగంటలో వరదమ్మకు అక్క వరసయ్యే ఆమె ఆ ఊళ్ళోంచి కొంగు బిగించుకుని వచ్చేసింది. “మా ఇల్లు కూలిపోయిందని ఎవురు సెప్పినారే మీకు? ఊరి బయట గుడ్డ కట్టుకోని పండుకునే గతి పట్టిందా? రేపు నేను నలుగురిలో తలెత్తుకోని తిరగొద్దా?” అని అందరినీ తోలుకుపోయి అన్నం పెట్టి, మిద్దె మీద పడుకోబెట్టింది. ప్రకృతి ఒడిలో పిల్లలకు ధైర్యం నేర్పాల్సిన ఆ రాత్రి, ప్రకృతి ఒడిలో టెంటు ఒక్కటే పడుకుంది. మూడో సెక్షన్‌కు ముందు చుట్టాలు లేని చోటు వెతికి మరీ వేశారు. మామిడికాయల దొంగలనుకుని కాపలా మనిషి లైటు వేసి లేపాడు.

ఇంత జరిగినా కోమలికి నడక నచ్చింది. అది ఎవరికీ చెప్పలేదు, డైరీకి చెప్పింది. తెల్లారక ముందు రోడ్డు మీద అవ్వ వెనక నడుస్తుంటే ఎవరూ ఏమీ అడగరు, ఏమీ చెప్పనక్కర్లేదు. మూడు సెక్షన్లనూ పూర్తిగా నడిచింది అవ్వా, కోమలీ మాత్రమే. మిగతావాళ్ళు అలసినప్పుడల్లా షేర్ ఆటోలు వాళ్ళ మీద జాలిపడ్డాయి.

మూడో సెక్షన్ ముగిశాక రాయిని వేపచెట్టు కింద పెట్టారు. పక్కనే దిల్షాద్ బీ టీ బంకు. అవ్వ పసుపు పూస్తుంటే ఆమె పాలు కాస్తూ చూస్తూనే ఉంది. ఆ తర్వాత చిట్టికి జ్వరం వచ్చి ఒక ఆదివారం, చిన్నాయనకు సెలవు దొరక్క ఇంకొక ఆదివారం పోయాయి. ఇరవై రోజులైనా రాయి మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ళు, చుట్టుపక్కల జనం భక్తి మీద కూడా కొంచెం పెట్టుకోవలసింది.

కిందటి శనివారం బస్సు దిగేసరికి వేపచెట్టు చుట్టూ తాటాకుల పందిరి ఉంది. ఎర్రజెండా ఉంది. మైకు ఉంది. టీ బంకు పక్కన కొత్తగా రెండు బెంచీలు ఉన్నాయి. పందిరి కింద సిమెంటు దిమ్మె మీద, పట్టుగుడ్డ చుట్టుకుని, పూలలో మునిగి, వెండి కళ్ళు అంటించుకుని, నాగులమ్మ ఇంటి పచ్చడి రాయి కూర్చుని ఉంది.

“భూమిలో నుంచి తనంతట తానే వచ్చినాడు సామి” అని చెబుతున్నాడు పక్కన కూర్చున్న ముసలాయన. పేరు మునిరామయ్య. “ఇదో, ఈడ సూడండి. నుదుట నామం. ఎవురూ సెక్కింది కాదు, పుట్టుకతోనే ఉండాది.”

అది కోమలి ఐదో ఏట పెట్టిన నామం.

చిన్నాయన ముందుకు తోసుకుపోయాడు. “పెద్దాయనా, ఇది మా ఇంట్లో పచ్చడి నూరుకునే రాయప్పా. మూడు వారాల కింద ఈడ పెట్టి పోయినాం. కావాలంటే ఫోన్లో పిన్ను సూడు.”

జనం గొల్లుమన్నారు.

“సామిని పట్టుకోని పచ్చడి రాయంటాడేంది ఈయప్ప!”

“ప్యాంటు సూసినావా, ఎన్ని జోబులో! ఒక్కదాంట్లోనన్నా బుద్ధి పెట్టుకోని రాగూడదా?”

“పిన్నంట పిన్ను. గుచ్చుకోమను.”

ముసలాయన చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు. చిన్నాయనను వదిలేసి అవ్వ వైపు చూశాడు. మెత్తని మనిషి, గొంతు కూడా మెత్తగానే ఉంది. “పెద్దామే, నువ్వు సెప్పమ్మా. నీ వయసుకు అబద్ధం సెప్పవు. మీదేనంటే నేనే ఎత్తి నీ సేతిలో పెడతా. ఒకరింటి వస్తువు పెట్టుకోని పూజ సేస్తే నాకే తగుల్తాది.”

ఆకుకూర కట్టలో రెండు కాడలు తగ్గితే వీధి చివరిదాకా వెంటబడి తెచ్చుకునే మనిషి అవ్వ. ఆ అవ్వ రాయి వైపు చూసింది, కోమలి వైపు చూసింది. మళ్ళీ రాయి వైపు చూసింది.

“మాది కాదు నాయనా. మా రాయి ఇంత అందంగా ఉండదు” అంది. కొబ్బరికాయ కొట్టి, మూడు ప్రదక్షిణలు చేసి, హారతి కళ్ళకు అద్దుకుంది.

“అమ్మా! ఫోను సూపిస్తాండాది గదా!” అన్నాడు చిన్నాయన.

“నీ ఫోను తప్పు సూపిస్తాండాది” అంది అవ్వ.

తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే దిల్షాద్ బీ కోమలి చేతికి టీ గ్లాసు ఇచ్చింది. “ఏం పాపా, ఆయమ్మ ఎందుకట్ల అనింది? ఆయమ్మ పెట్టింది నేను కళ్ళారా సూసినా. అడిగింటే ఇచ్చేసుంటాడే మునిరామయ్య. నాకైతే మేలే అయింది, రెండు బెంచీలు ఎక్కువ ఏసినా. అయినా ఎందుకట్ల అనిందో నాకు అంతుపట్టలా” అంది. కోమలికీ అంతుపట్టలేదు. ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు డైరీలో రాసుకుని ఊరుకుంది.

ఇంటికి వచ్చాక అవ్వ తీర్పు చెప్పింది. రాయి పోయింది కాబట్టి మొక్కు తెగిపోయింది. పుత్తూరు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

అదిగో, అలా ఈ ఆదివారం వచ్చింది. చిన్నాయన ఒళ్ళో కొత్త కాగితం, చెవి వెనక పెన్ను. మళ్ళీ మొదటి నుంచి నడవడం ఆయనకు శిక్షలా లేదు, ప్రమోషన్‌లా ఉంది.

“ఈసారి ఏడు సెక్షన్లు సేద్దాం. పోయినసారి పిల్లలకు లోడు ఎక్కువైపోయింది. జూలై, ఆగస్టు... సెప్టెంబరు కల్లా ముగుస్తాది” అన్నాడు.

“రేపు పాపను సేర్చాల గదా?” అన్నాడు నాయన. గోడకు చెప్పినట్టు చెప్పాడు.

“సీటు ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు” అంది అవ్వ. “సామితో తమాషాలా?”

కోమలి పెట్టె దిగి, మూత తీసి డైరీ బయటికి తీసింది. కిందటి శనివారం రాసింది మళ్ళీ చదివింది. మాది కాదు నాయనా. అవ్వ రాయిని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ రాయిని చూసింది. వారం కింద తన చేత్తో రాసిన మూడు వరుసలే. రాసినప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు సెప్టెంబరు అనే మాట విన్నాక అర్థమైంది.

“అవ్వా” అంది.

ఎవరికీ వినపడలేదు. చిన్నాయన ఆరో సెక్షన్‌లో ఉన్నాడు.

“అవ్వా!”

ఆ గొంతు కోమలిదేనా అని అందరూ తిరిగి చూశారు. టెంటు జిప్పు తీసి ఢిల్లీబాబు, చిట్టి తలలు బయటపెట్టారు.

“ఆ తాత నిన్నే గదా అడిగినాడు. మీదంటే ఇచ్చేస్తానన్నాడు. నువ్వే కాదన్నావు.”

“సామైపోయినాక మాదంటే ఎట్లా?” అంది అవ్వ.

“సామైనాడని కాదు. రాయి సేతికొస్తే మొక్కు తీరిపోతాది. మొక్కు తీరిపోతే నేను హాస్టలుకు పోతా. అందుకే నువ్వు కాదన్నావు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఏమే పాపా, పెద్దోళ్ళతో ఇట్లనా మాట్లాడేది? అసలు ప్లానింగ్‌లో...” అని చిన్నాయన మొదలుపెట్టాడు.

“నువ్వు నోరు ముయ్యి” అంది అవ్వ. “ముందు ఆ గుడిసె మడుసుకోవడం నేర్సుకో.”

తర్వాత తన కాళ్ళ వైపు చూసుకుంది. మూడు సెక్షన్లు చెప్పుల్లేకుండా నడిచిన కాళ్ళు, మడమలు బీటలు వారి ఉన్నాయి.

“అవునే, కాదన్నా” అంది. “ఏం సేయమంటావు? గేటు తియ్యమని అడగలేక గోడ దూకిన దానివి. ఆడ హాస్టల్లో ఆకలైతే అడుగుతావా? జొరమొస్తే సెప్తావా? మళ్ళా ఏ గోడో దూకి కాలిరగ్గొట్టుకుంటే ఆడ నిన్ను ఎవురెత్తుకుంటారు? నాకు ఇంకోసారి ఎత్తే శక్తి లేదు.”

“దూకను అవ్వా. గేటు తియ్యమని అడుగుతా.”

“అడుగుతావు, అడుగుతావు.”

“ఇప్పుడు నిన్ను అడగలేదా?”

కోమలి మాటలు ఒకసారి మొదలయ్యాక ఆగేటట్టు లేవు. “మొక్కు తెగలేదవ్వా. మేము వచ్చేదాకా సూసుకోమని రాయికి సెప్పినావు. అది ఆడే ఉండి సూసుకుంటాండాది. ఇప్పుడు పోయి, దానికి దండం పెట్టి, ఆడ నుంచే నడుస్తా. పద్నాలుగు కిలోమీటర్లే. రాత్రికి అలిపిరి సత్రంలో ఉండి, రేపు తెల్లారి మెట్లెక్కి, దర్శనం అయినా కాకపోయినా గోపురానికి మొక్కి, బస్సులో దిగొచ్చి ఐదింటికి హాస్టల్లో సేర్తా.”

“ఇంటిల్లిపాదీ అని మొక్కినా గదే?”

“నేను పోతానమ్మా పాపతో” అన్నాడు నాయన. ఈసారి గోడకు కాదు, అవ్వకే చెప్పాడు. “పాపను ఆ వేపసెట్టు కాడ దించి, పెట్టెను టీవీఎస్‌లో తీసకపోయి హాస్టలు వాచ్‌మన్ దగ్గర పెట్టేసి వస్తా. ఆడ నుంచి ఇద్దరం నడుస్తాం.”

వంటింట్లోంచి వరదమ్మ వచ్చి కోమలి చేతిలో మూట పెట్టింది. చింతపండు పులిహోర, ఊరగాయ, నీళ్ళ సీసా. వాటిని అంత తొందరగా ఎవరూ మూట కట్టలేరు. పొద్దునే కట్టిపెట్టుకుని, ఎవరు ముందు మాట్లాడతారా అని వంటింట్లో కాచుకుని ఉంది.

“మరి మా సంగతి?” అన్నాడు చిన్నాయన, కాగితం పట్టుకుని.

“మీరు మీ సెక్షన్లు నడవండప్పా, ఎవురొద్దన్నారు? మీ పిల్లల పెండ్లిండ్ల లోపల ముగిస్తే సాలు” అంది అవ్వ. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. “నేనే పుత్తూరు నుంచి మళ్ళా మొదులుపెట్టాల. సామి ముందర నిలబడి అబద్ధం సెప్పింది నేను గదా.”

“నువ్వొక్కదానివేనా?” అంది కోమలి.

“మెల్లగా నడుస్తా. ఆ హాస్టలు దోవలోనే గదా ఉండేది? వచ్చినప్పుడు నేను గేటు కాడ నిలబడుకుంటా. నువ్వే అడిగి తీయించు.”

కోమలి ఏదో అనబోయింది. అవ్వ అననివ్వలేదు. గూట్లోంచి పసుపు పొట్లం తీసి, అతికిన కాలి మీద, ఎముక ఉబ్బెత్తుగా నిలిచిపోయిన చోట చిటికెడు రాసింది. తర్వాత రెక్క పట్టుకుని గడప దాటించింది. నాయన అప్పటికే పెట్టె టీవీఎస్ మీద కడుతున్నాడు. ఎండ వాకిట్లో సగందాకా వచ్చింది. కోమలి వెనక్కి తిరిగింది.

“యెనక్కి సూడొద్దు” అంది అవ్వ. “మొక్కు తీరకుండా వస్తే ఎంత అడిగినా తియ్యను. తీర్సుకోని వచ్చి అడుగు.”

అని, ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.